ఫకీర్ మియా ముంగిట రాత్రిరాణి

పామును ఇంటికి పిలిచి సాక్ష్యం అడిగిన మనిషి నారాయణఖేడ్‌లో ఒక్కడే: బస్టాండు ఎదుట బట్టలు కుట్టే ఫకీర్ మియా. పాము నిజంగానే వచ్చిందనీ, గడప దగ్గర పడగ దించి సలాం చేసిందనీ పక్కనున్న కంగ్టి దాకా చెప్పుకుంటారు.

ఆయన కుట్టు సంగతి సరే, పేరంతా గళ్ల నుడికట్టుతోనే వచ్చింది. ఆదివారం పేపరు దిగిందంటే మిషన్ ఆగేది. పైజామా కోసం వచ్చినవాడు అడ్డం ఏడో, నిలువు పన్నెండో చెప్పి కదలాల్సిందే. హైదరాబాదులో ఆ గళ్లు గీసేవాడికి ఫకీర్ మియా భయంతో శనివారం నుంచే జ్వరమట. ఇంత పేరున్నా, అన్నీ సరిగ్గా పూరించినవాళ్ల జాబితాలో మాత్రం ఆయన పేరు ఏనాడూ అచ్చు కాలేదు. దాన్ని ఒక్కసారి చూసుకుంటే చాలనుకునేవాడు.

2008 వానాకాలంలో ఒక ఆదివారం ఒక్కటి తప్ప అన్నీ నిండాయి. 'ముంగిట పెంచుకొనే సువాసనల పూలపొద, నాలుగక్షరాలు.' మూడో అక్షరం 'రా' అప్పటికే పడింది. జాకెట్టు కోసం వచ్చిన సంతోషమ్మ, చర్చి తోట చూసుకునే మనిషి, రాత్రిరాణి అని రాయమంది. ఫకీర్ మియా కత్తెర కింద పెట్టి మరీ నవ్వాడు.

"ఏంది చెల్లె, గా వాసనకు పాములొస్తయని పసిపిల్లలకు గూడ ఎరుకే. ముంగిట్ల ఎవడు పెట్టుకుంటడు?"

గంధరాజం అని ఒత్తి రాసి పోస్టు చేశాడు. ఈసారి పేరు ఖాయమని కొట్టు ముందు బల్ల మీదున్న వాళ్లందరికీ చాయ్ తాగించాడు.

రెండు వారాలకు జవాబు వచ్చింది. రాత్రిరాణి. మిగతావన్నీ ఆయన రాసినవే. వేరేవాడైతే పేపరు మడిచి ఊరుకునేవాడు. ఫకీర్ మియా మాత్రం, గళ్లు గీసేవాడు ఏ మూడో అంతస్తులోనో ఉంటాడు, వాడికి పాముల సంగతేం తెలుసన్నాడు. తప్పెవరిదో పామే తేల్చాలన్నాడు. సంతోషమ్మనే కొమ్మ అడిగి తెచ్చి గడప పక్కన నాటాడు. పాము రాగానే పేపరుకు జాబు రాయాలి, కింద తన పేరు అచ్చు కావాలి. అదీ ఎత్తు.

"అది ముందుగాల నన్ను కరిస్తే?" అని భార్య అఖ్తరున్నీసా అడిగింది. ఆ ముక్క కూడా జాబులో చేరుస్తానని మాటిచ్చాడట.

మొక్క చూరు అందుకుంది. పొద్దు గూకితే వీధంతా ఘుమఘుమ. ఫకీర్ మియా దారిలో రాళ్లు ఏరేశాడు, వచ్చే చుట్టం కాలికి గుచ్చుకుంటాయన్నట్టు. బల్లులొచ్చాయి, పక్కింటి పిల్లి వచ్చి పడుకుంది, పెళ్లివాళ్లు కొమ్మలడిగి పట్టుకుపోయారు. సంతోషమ్మ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడల్లా, చుట్టం దిగాడా భాయ్ అని మర్యాదగా అడిగి వెళ్లేది.

ఒకనాడు కంగ్టి నుంచి వచ్చిన ప్రయాణికుడొకడు పడగ కథంతా ఆయన ముందే చెప్పి, పాము ఎంత పొడుగుందని అడిగాడు. ఫకీర్ మియా సూదిలో దారం ఎక్కించుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"పాము రాలే. నాలుగేండ్లు చూసిన, ఒక్కటి గూడ రాలే. సంతోషమ్మ చెప్పిందే సహీ."