మొగులయ్య ఎండు జలపాతాలు

బస్సు వస్తే లోకంలో జనం బోర్డు చూస్తారు, కిటికీ పక్కన సీటు చూస్తారు, తెలిసిన మొహం ఉందేమో చూస్తారు. మా మొగులయ్య చక్రాలు చూసేవాడు. అదీ నిలబడి కాదు. సంగారెడ్డి బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే ధోవతి మోకాళ్ళపైకి లాక్కుని, వెనక చక్రం పక్కన గొంతుక్కూచుని, లోపలికి చెయ్యి పెట్టి కాస్త మట్టి గోకి, రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి కళ్ళు మూసుకునేవాడు. ఆ సమయంలో ఆయన మొహం చూస్తే నాకు నిజంగానే చేతులు జోడించాలనిపించేది.

"ఏంది పటేలా, బండి కొంటవా?" అనేవాడు కండక్టరు.

"జెర ఆగవయ్యా. యాడికెల్లి వస్తున్నవ్?"

"జహీరాబాద్."

"అనుకున్న. ఎర్రమట్టి, మంచిగ నానింది. పొద్దుగాల కొట్టింది వాన."

ఆదివారం జలపాతం చూడటానికి ఎటు పోవాలో తేల్చే పరీక్ష ఇది. జహీరాబాద్ వైపు ఎర్రనేల, నారాయణఖేడ్ వైపు నల్లరేగడి, నర్సాపూర్ అడవి వైపు గరుకు ఇసక. ఏ రంగు మట్టి తడిసి వస్తే అటు వాన పడ్డట్టు. వాన పడితే అక్కడి గుట్టల మీంచి ఒకటి రెండు రోజులు నీళ్ళు దుంకుతాయి. ఆ తర్వాత అక్కడ మిగిలేది బండ. గోదావరి జిల్లా నుంచి వచ్చిన నాకు, నేలనంతా చక్రాల మీద చదివే మనిషి మహర్షిలా కనిపించడంలో వింత లేదు.

ఇంత శాస్త్రం తెలిసిన మనిషి మమ్మల్ని తీసుకెళ్ళిన ఒక్క జలపాతంలోనూ చుక్క నీరు ఉండేది కాదు.

మొగులయ్యది రుద్రారం. తాతల నాటి సేద్యం. పక్కన కర్మాగారం వెలిశాక టైం ఆఫీసులో చేరాడు. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు సెలవు పెట్టారో, ఎవరు ఉద్యోగం వదిలి పోతున్నారో అన్నీ ఆయన కిటికీ ముందు తెలియాల్సిందే. నేను అరవై ఎనిమిదిలో ఎం.ఏ. పట్టాతో వచ్చి సంక్షేమ విభాగంలో చేరాను. గోడల మీద మంచిమాటలు రాయించడం నా పని. క్యాంటీన్ గోడ మీద 'మనమంతా ఒకే కుటుంబం' అని బారెడు అక్షరాలతో రాయించాను. దాని కింద సైకిళ్ళు చక్కగా ఆనించుకునేవారు.

ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని నా భార్య కమలాకుమారిని తీసుకొచ్చాను. పెరటి మెట్ల మీద కూచుని కాలవలో కాళ్ళాడిస్తూ పెరిగిన మనిషి. ఇస్నాపూర్ బావిలో చేద వదిలి, అది నీళ్ళని తాకిన చప్పుడు కోసం చెవి వొగ్గి, చివరికి నావైపు తిరిగింది.

"ఏవండీ, అడుగున ఇంకో ఊరుందా? వాళ్ళని అడిగి తోడుకోవాలా?"

అరవై తొమ్మిదిలో ఎండలతో పాటు బజారులో మాటలూ వేడెక్కాయి. మీరెక్కడివాళ్ళు, ఎప్పుడు పోతారు అన్నవే కబుర్లు. మావైపు వాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు కట్టుకుంటున్నారు. తొలకరి పడ్డాక ఒకనాడు కమల ట్రంకుపెట్టె సర్దేసి, "మీ ఉద్యోగం మీది. నేను మాత్రం మా ఊరు పోతాను" అంది. ఆవిడ లేని గదిలో నేనొక్కణ్ణీ ఉండటం నాకు ఊహకందలేదు. రాజీనామా ఎలా ఇవ్వాలో కనుక్కుందామని టైం ఆఫీసుకు వెళ్ళాను.

"పోతున్నరా సారూ? పోండి," అన్నాడు మొగులయ్య తల ఎత్తకుండా. "ఎవరొద్దన్నరు? గని జలపాతం సూడకుంట పోతరా? ఆదివారం సూసి సోమవారం పోండి."

ఆ ఆదివారం జహీరాబాద్ అవతల గుర్రాలబండకి బయల్దేరాం. మాతో మెషిన్ షాపు వీర్రాజు, ఆయన భార్య నాగరత్నం, ఇంకో రెండు కుటుంబాలు. ముందు మొగులయ్య, వెనక ఆయన భార్య సత్తెమ్మ తలమీద జొన్నరొట్టెల గంప. కందిచేలు దాటి, తుప్పలు దాటి, గుట్ట ఎక్కి దిగి, కాళ్ళు మావి కావనిపించిన చోట మొగులయ్య ఆగి రెండు చేతులూ చాచాడు.

"సూడుండ్రి! గిదే!"

ఎదురుగా పెనంలా కాలుతున్న నల్లబండ. దానిమీద తొండ ఒకటి మమ్మల్ని చూసి తలాడించింది.

"ఏదయ్యా?" అన్నాడు వీర్రాజు.

"గీడికెల్లి దుంకుతది."

"ఎప్పుడు?"

"దుంకేటప్పుడు."

తర్వాత మొగులయ్య ఆ నీటిని వర్ణించాడు. ఎక్కడ పుడుతుందో, ఏ రాతి నెర్రెలో దూరి రెండు పాయలవుతుందో, ఎక్కడ మళ్ళీ కలిసి ఎగిరి పడుతుందో, కిందనున్న మనిషికి ఊపిరి ఎట్లా అందదో. నాగరత్నం పైట నిండా కప్పుకుంది. వీర్రాజు తనకు తెలియకుండానే గొడుగు విప్పాడు. ఎండిన బండ ముందు నోరు తెరిచి నిలబడ్డ అంతమందిని నేను మరెక్కడా చూడలేదు.

"ఈపారి తప్పింది చెల్లె," అన్నాడు కమలతో, బస్సెక్కేముందు. "వచ్చే ఆదివారం నారాయణఖేడ్ దిక్కు పోదాం. గంత దూరం వచ్చి, నీళ్ళు సూడకుంట పోతరా? సూసి పోండి."

నారాయణఖేడ్ వైపు ఎండిపోయింది. నర్సాపూర్ వైపు ఎండిపోయింది. ప్రతి వారం మొగులయ్య నొచ్చుకునేవాడు, ప్రతి వారం ప్రయాణం వాయిదా పడేది. వీర్రాజు మంచం నవారు విప్పి, మళ్ళీ అల్లి, మళ్ళీ విప్పి విసిగిపోయి, "ఆ నీళ్ళేవో చూసేదాకా నేలమీదే పడుకుంటాను" అన్నాడు. కమల ట్రంకుపెట్టె అడుగున దాచిన చీరలు నడకకు పనికొస్తాయని ఒకటొకటే పైకొచ్చాయి. సత్తెమ్మ ఆవిడకు జొన్నరొట్టె చేత్తో చరచడం నేర్పింది. ఆవిడ సత్తెమ్మకు దిబ్బరొట్టె నేర్పింది. మా బావి దగ్గర ఆడవాళ్ళు, "సారు పెండ్లమొచ్చింది, జరుగుండ్రి" అని చోటిచ్చేవారట. ఒక పొద్దున నేను లేవడం ఆలస్యమైతే, "జల్దీ కానివ్వండి, ఇగ బస్సు పోతుంది" అన్న కేక వినిపించింది. ఆ గొంతు మా కమలదేనని పోల్చుకోవడానికి నాకు కాస్త టైం పట్టింది.

భాద్రపదంలో ఒక శనివారం మధ్యాహ్నం మేమిద్దరం సామాన్లకని సంగారెడ్డి వెళ్ళాం. బస్టాండులో మొగులయ్య పరీక్ష నడుస్తోంది. సత్తెమ్మ అరుగు మీద కూచుని శనక్కాయలు వొలుస్తోంది. జహీరాబాద్ బస్సు ఎర్రబురదలో ఈది వచ్చినట్టుంది. నారాయణఖేడ్ బస్సు చక్రాలకు నల్లమట్టి పిడచలు వేళ్ళాడుతున్నాయి. మూడోది నర్సాపూర్ బస్సు. మొగులయ్య మూడూ గోకాడు, మూడూ వాసన చూశాడు, కళ్ళు మూసి తెరిచాడు.

"రేపు నర్సాపూర్!"

"ఆగండన్నయ్యా," అంది కమల. నేరుగా నర్సాపూర్ బస్సు దగ్గరికి వెళ్ళి, చక్రం మీద అరచెయ్యి రాసి ఆయన ముందు పెట్టింది. తెల్లటి పొడి దుమ్ము. "ఇందులో తడేది?"

మొగులయ్య ధోవతి దించుకుని లేచాడు.

"అవతల రెండు బస్సులు నీళ్ళు కారుతూ నిలబడితే, ఏరి ఏరి పొడిబస్సు పట్టుకున్నారు. ఇన్ని వారాలూ ఇంతేనా?"

సత్తెమ్మ శనక్కాయలు పక్కన పెట్టి పకపకా నవ్వింది. "దొరికినవు! ఇగ చెప్పు."

మొగులయ్య తన వేళ్ళకున్న మట్టిని నలిపి రాల్చాడు.

"నీళ్ళు సూపెడితె మీరు పోతరు గద చెల్లె," అన్నాడు. "గీ దినాలల్ల పోవద్దని నేనంటె ఎవరింటరు? నేనెవ్వణ్ణి చెప్పనీకి? సూసి పోండి అంటే మాత్రం ఆగుతరు."

అప్పుడు వెలిగింది నాకు. వీర్రాజూ, మిగతా రెండు కుటుంబాలూ, మేమూ, అందరం టైం ఆఫీసు కిటికీ ముందు నిలబడి పోతామన్నవాళ్ళమే. ఆయన జలపాతానికి రమ్మన్నది ఇంకెవర్నీ కాదు. అక్కడ నేను బారెడు అక్షరాలతో కుటుంబాన్ని గోడకెక్కిస్తుంటే, ఇక్కడ ఈయన ఎక్కడ వాన పడలేదో వెతికి వెతికి మమ్మల్ని అటు నడిపించాడు!

"రేపు తడి చక్రం వైపు పోదాం," అంది కమల.

"సూసినంక పోతరా?"

"చూశాక చెప్తాను."

ఆ రాత్రంతా మళ్ళీ వాన పడింది. మర్నాడు గుర్రాలబండ ఇంకా కనపడకముందే కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. మలుపు తిరిగాం. గుట్ట నెత్తిమీంచి ఎర్రటి నీళ్ళు, దున్నిన చేలన్నీ కలిసి ఒక్కసారి లేచి నడిచొచ్చినట్టు, రెండు పాయలై, కలిసి, ఎగిరి పడుతున్నాయి. తుంపర మాదాకా వచ్చి మొహాలు కడిగింది. వీర్రాజు ఈసారి గొడుగు విప్పడమే మరిచిపోయాడు. నాకు చదువుకున్న విశేషణాలన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ చాల్లేదు. గోదావరి మా ఇంటి ముందు ఎప్పుడూ ఉండేది కనుక దాన్ని చూసి నేనెప్పుడూ ఆశ్చర్యపోలేదు. రేపటికి ఉండని ఈ నీరు మాత్రం నన్ను నిలువునా నిలబెట్టేసింది.

కమల చీర కుచ్చెళ్ళు దోపి, సత్తెమ్మ చెయ్యి పట్టుకుని నీళ్ళ కిందికి వెళ్ళిపోయింది. మొగులయ్య నీళ్ళని చూడటం లేదు, కమలనే చూస్తున్నాడు. ఆవిడ కొంగు పిండుకుంటూ బయటికి రాగానే ఎదురెళ్ళాడు.

"మరి... రేపు బండికా, చెల్లె?"

"రేపెలా పోతానన్నయ్యా? ఇది మా అమ్మకి చూపించాలి. దసరాకి రమ్మంటాను. అప్పటికి నీళ్ళుంటాయా?"

మొగులయ్య మొహం వాడిపోయింది. "దసరాకా? ఒక్క చుక్క ఉండదు. ఎండు బండనే."

"మంచిదే," అంది కమల. "మా అమ్మ మీకు తెలియదు. చూడకుండా కదలదు. మళ్ళీ వానలొచ్చేదాకా మా ఇంట్లోనే ఉంటుంది."

మాకున్నది ఒకటే గది అని నేను గట్టిగానే అన్నాను. ఆ నీళ్ళ హోరులో ఎవరికీ వినపడలేదు.