అడిగి చెప్పే అక్క

మా పేటలో ప్రార్థన చేయించే అక్క ఏ మాటకైనా ముందు కళ్ళు మూసుకునేది. "ఉండవే, ప్రభువునడిగి చెబుతా" అనేది. పప్పా, పచ్చడా అన్నా అంతే. నాకు ఒళ్ళు మండేది.

నలభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. సర్పంచి సీటు ఎస్సీ ఆడవాళ్ళకు వచ్చిన ఏడు, పేటకు కుళాయి వస్తుందని ఆవిడను నిలబెట్టాం. ఆవిడ పేరు బలపరుస్తూ ఆ నామినేషన్ కాగితం మీద పెట్టిందే నా మొదటి సంతకం.

వీరులపాడు మండలాఫీసులో అవతలి పార్టీవాళ్ళు లేచి, ఈవిడ క్రైస్తవురాలు, ఎస్సీ సీటుకు చెల్లదన్నారు. కులం సర్టిఫికెట్‌లో మాత్రం ఆవిడ హిందువే. పేటలో అందరం అంతే.

"హిందువేనా అమ్మా? ఊ అంటే చాలు" అన్నాడు ఆఫీసరు.

అక్క కళ్ళు మూసుకుంది. ఫ్యాను గాలికి నా సంతకమున్న కాగితం మెల్లగా లేచి పడుతోంది.

"ఏసయ్య బిడ్డనండి" అంది.

కాగితం కొట్టేశారు. తిరుగు బస్సులో కడిగేశాను.

"ఊ అంటే నీ సొమ్మేం పోయిందక్కా? ఆయనే చెప్పమన్నాడా?"

"అడిగానే. ఆయనేం పలకలా. నేనే చెప్పా."

కుళాయి చాలా ఏళ్ళకు వచ్చింది, ఆవిడ పోయాక. బిందె నిండేదాకా నేనూ కళ్ళు మూసుకుని నిలబడతాను. ఏమడగాలో తెలియక ఆవిడ ముఖమే చూస్తుంటాను.