ఇరుళాయవ్వ చెప్పిన మాట

సింగానల్లూరు నూలుమిల్లు కూలీలుండే లైన్ ఇళ్లలో సగం మంది తన చేతుల మీదుగానే పుట్టారని, ఒక్క తల్లినీ పోగొట్టలేదని మంత్రసాని ఇరుళాయి తమలపాకుకు సున్నం రాస్తూ చెప్పుకునేది. ఆ మిల్లులోనే నూలు వడికే స్పిన్నింగులో పనిచేసే చిన్నత్తాయికి చంకలో బిడ్డ ఉండగానే మళ్లీ నెల తప్పింది. "అవ్వా, పెద్దాసుపత్రిలో కడుపు తీసేదానికి ఇప్పుడు చట్టం వచ్చిందంట, పోదునా?" అని అడిగింది. "మొగుడు సంతకం పెట్టకుంటే నిన్ను తాకను కూడా తాకరే! నాకు తెలీనిదా?" అంది ఇరుళాయి. తాగుబోతు మొగుణ్ణి అడగలేక చిన్నత్తాయి కడుపు తీయించుకునేదానికి ఒక నాటువైద్యుడి దగ్గరికి పోయింది. అది వికటించి, జ్వరం ముదిరి ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం పోయింది. "మొగుడి సంతకం లేకనే ముందు రాలేదమ్మా" అని ఇరుళాయి ఏడిస్తే, "మొగుడిదెందుకవ్వా? ఆమె సంతకమే చాలునే!" అంది నర్సు. ఇప్పుడు ఎవరు అడిగినా ఇరుళాయే టౌన్ బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తుంది. "దాన్ని మాత్రం తీసుకురాలేదే" అని దారి పొడుగునా గొణుగుతుంది.