సున్నా పెడితే తెలుగే

ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఒకేసారి కోపం తెప్పించడం ఎలాగో నేర్చుకోవాలని ఎవరికైనా ఉంటే మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చి నన్ను కలవండి. తిట్టనక్కర్లేదు, కొట్టనక్కర్లేదు. గులాబీ రంగు కార్డు ఒకటి అచ్చేయిస్తే చాలు. ఆ ఘనకార్యం చేసేనాటికి నాకు ముప్ఫై దాటాయి కాబట్టి చిన్నపిల్లననే సాకు కూడా లేదు.

మా ఊళ్లో ఏటా చలికాలంలో మూడు రోజులు సాహిత్య పండుగ జరుగుతుంది. పొద్దున పిల్లలకు బొమ్మలాటలు, కథలు. మధ్యాహ్నం కాలేజీవాళ్ల కవితలు. సాయంత్రం పెద్దల చర్చలు. అన్నీ మరాఠీలోనే, అక్కడక్కడ హిందీ. ఆ పండుగ నడిపించే వైశాలీతాయి (తాయి అంటే మరాఠీలో అక్క) ఒకనాడు మా బట్టల దుకాణానికి జాకెట్టు గుడ్డ కోసం వచ్చి, ఈసారి తెలుగుకు కూడా ఒక గంట ఇస్తామంది. హాలు సగమైనా నిండాలి, నిండకపోతే వచ్చే ఏడు ఆ గంట ఇంకెవరికైనా ఇచ్చేస్తారు. పిలుపు కార్డు తెలుగులో రాయడానికి మనిషి కావాలట.

"నీకు తెలుగు రాయడం వచ్చా పద్మా?" అని మరాఠీలో అడిగింది.

నేను నిజం చెప్పి ఉంటే మీరిప్పుడు ఇది చదువుతూ ఉండేవారు కాదు. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో మరాఠీ చదువుతాం. నాకొచ్చిన నాలుగు తెలుగు అక్షరాలూ వేసవి సెలవుల్లో మా పెద్దబాపు పలక మీద దిద్దించినవే. అయినా, "యేతం నా తాయీ, ఛాన్ యేతం!" అనేశాను. వచ్చు, బ్రహ్మాండంగా వచ్చు అని.

అలా అనడానికి కారణం కూడా పెద్దబాపే. మా నాన్నకు అన్న, పేరు రాజన్న. రాజూరా దగ్గరి పల్లెలో పత్తి పండిస్తాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు. బండి తోలుతూ, చేలో నడుస్తూ పద్యాలు కట్టుకుని, ఇంటికొచ్చి నోటుబుక్కుల్లో రాసుకుంటాడు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగేది ఆయనొక్కడే. వినిపిస్తానంటే మనవలు సెల్లులోంచి తలెత్తరు. ఆయన పుస్తకం మూసేసి చేనుకు వెళ్లిపోతాడు.

ఫోన్ చేసి, "పెద్దబాపూ, నీ పద్యాలు మైకుల సదవాలె" అన్నాను.

ఆయన మెల్లగా, "ఇనడానికి ఎవలన్న వస్తరా బిడ్డా?" అన్నాడు.

"హాలు నింపుడు నా జిమ్మ!" అని బాధ్యత నెత్తిన వేసుకున్నాను.

ఇక కార్డు సంగతి. మరాఠీని తెలుగు చేయడానికి నా దగ్గర సొంత సూత్రం ఒకటి ఉండేది. మాట చివర సున్నా పెట్టడం. పుస్తక్‌కు సున్నా పెడితే పుస్తకం. కార్యక్రమ్‌కు పెడితే కార్యక్రమం. ఇంత సులువైన పనికి జనం నిఘంటువులెందుకు కొంటారో అనుకునేదాన్ని.

మరాఠీ కార్డులో "ఆగ్రహాచే నిమంత్రణ్" అని ఉంది. ఇక్కడ పెళ్లికైనా పూజకైనా ఆ మాట లేని పిలుపు ఉండదు. మరాఠీలో ఆగ్రహ్ అంటే రావాల్సిందేనని ప్రేమగా పట్టుబట్టడం. వద్దంటున్నా వినకుండా ఇంకో లడ్డూ వడ్డించడం కూడా ఆగ్రహే. తెలుగులో ఏమిటో మీకు తెలుసు. నాకు తెలీదు. అలాగే మర్యాదా అంటే వాళ్లకు హద్దు. దానికి సున్నా కూడా అవసరం లేదు కదా అని మురిసిపోయి, ఇలా రాశాను:

"తెలుగు బంధువులారా! మీకు, మీ కుటుంబానికి మా ఆగ్రహ నిమంత్రణం. పిల్లలకు, ముసలివాళ్లకు విశేష ఆగ్రహం. మాట్లాడేవారికి మర్యాద పది నిమిషాలు మాత్రమే."

మా ఆయన భేష్ అన్నాడు. ఆడపడుచు భేష్ అంది. వాళ్లూ నాలాంటి సున్నా పండితులే. పెద్దబాపుకు ముందే చూపిస్తే సరిపోయేది, కానీ అచ్చయిన కార్డు చూసి ఆయన ఆశ్చర్యపోవాలని నా కోరిక. ఆ కోరిక తీరింది లెండి.

కార్డులు పంచిన మర్నాడే కొమురయ్య కాక ఫోన్. గిన్నెల దుకాణం ఆయనది. ఆదిలాబాద్‌లో తెలుగు బడిలో చదువుకుని ఇక్కడికొచ్చిన మనిషి.

"ఏం పద్మా, మా మీద ఆగ్రహమని రాసినవేందమ్మా?"

"అవ్ కాకా, ఆగ్రహమే! అందరికన్న మీ మీదనే ఎక్కువ!"

"నా మీద ఎక్కువనా?"

"మరి? మీరు పిల్వంగనే వచ్చే మనిషి గాదు. గందుకే."

"ముసలోళ్ల మీద విశేష ఆగ్రహమేంది? ముసలోళ్లు ఏం జేసిండ్రు?"

"పెద్దోళ్లకు గంత ఆగ్రహం జెయ్యకుంటే బాగుంటదా కాకా? మీరు రాకుంటే ఇంటికొచ్చి, మీ కోడండ్ల ముందట గూడ జేస్త!"

"వస్త. పదిమందిని తీస్కొని వస్త. నీ సంగతేందో జూస్త" అని ఫోన్ పెట్టేశాడు.

కాక పదిమందిని తెస్తున్నాడని మా ఆయనకు గర్వంగా చెప్పుకున్నాను. పక్క ఊళ్లు భద్రావతి నుంచి, వరోరా నుంచి కూడా ఫోన్లొచ్చాయి. అదే ప్రశ్న, నాది అదే జవాబు, అంతే ఉత్సాహం.

పండుగకు ముందురోజు పొద్దున పెద్దబాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, నేను రాను తియ్. పత్తి ఏరుడున్నది."

"నిన్ననే అయిపోయిందంటివి గద?"

ఆయనకు అబద్ధం చేతకాదు. అసలు సంగతి చెప్పేశాడు: "నీ కార్డొచ్చింది. అద్దాలు తుడ్సి రెండుసార్లు సదివిన. ఊకె పద్యాలు పద్యాలని నిన్ను సతాయిస్తి. కోపమొచ్చుడు నిజమే."

"నాకు కోపమేంది? నేనేడ రాసిన?"

"ఆగ్రహమంటే ఏందే మరి?"

"రాండ్రి, రాండ్రి అని బతిమాలుడు!"

"కాదు బిడ్డా. కోపం. మామూల్ది గాదు, పండ్లు కొరికే కోపం."

"మరి... మర్యాద?"

"అది నువ్వు పది నిమిషాలే ఇస్తనన్నవ్."

కొమురయ్య కాకతో మాట్లాడిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, అక్కడే గుడ్డల మూట మీద కూలబడ్డాను. ఏడుస్తూ సున్నా సూత్రమంతా చెప్పాను. పెద్దబాపు నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నేనైతే వస్త. మిగిలినోళ్ల సంగతి జూస్కో" అన్నాడు. మిగిలినవాళ్లు ఒక్కరూ నా ఫోనెత్తలేదు. ఖాళీ కుర్చీల ముందు పెద్దబాపు పుస్తకం తెరవడం నా కళ్లకు కట్టింది.

మర్నాడు హాలుకు వెళ్తే కూర్చోడానికి చోటు లేదు. గోడల వెంబడి కూడా జనం. అందరి చేతుల్లో గులాబీ కార్డు. "ఎంత ఉత్సాహమో మీవాళ్లకు!" అని వైశాలీతాయి పొంగిపోతోంది. వాళ్ల ముఖాల్లో మాత్రం నవ్వు లేదు.

కొమురయ్య కాక లేచాడు. "పద్యాలు తర్వాత. మొదలు గీ ముచ్చట తేలాలె. మేం ఏం తప్పు జేసినం?"

నేను మైకు పట్టుకుని, "అది... సున్నా..." అని మొదలుపెట్టాను. పెద్దబాపు మెల్లగా వచ్చి మైకు తీసుకున్నాడు.

"తప్పు నాదే కొమురయ్యా. గీ పోరికి అక్షరాలు నేర్పిన, అర్థాలు నేర్పుడు మర్సిన. మరాఠీల ప్రేమతోని పిల్సుడును ఆగ్రహ్ అంటరు. దానికే సున్నా పెట్టింది."

ముందుగా నవ్వింది కొమురయ్య కాకే. "అయ్యో, కోడండ్ల ముందట జేస్తనన్నది గీ ఆగ్రహమా!" అని కుర్చీలో కూలబడి నవ్వాడు. తర్వాత హాలంతా ఘొల్లుమంది.

పెద్దబాపు పుస్తకం తెరిచాడు. మొదటి పద్యం పుస్తకంలో చూసి చదివాడు, రెండోది చూడకుండానే. పది నిమిషాలకు గంట మోగింది.

"మర్యాద అయిపోయింది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఆయనకు మర్యాద లేకున్నా నడుస్తది, సదవనీ!" అన్నాడు కొమురయ్య కాక.

మిగిలిన గంటంతా పెద్దబాపే చదివాడు. మనవలు సెల్లులు పైకెత్తి పట్టుకున్నారు, ఈసారి తాతను వీడియో తీయడానికి. దిగి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "గింతమంది ఇన్నరే బిడ్డా" అన్నాడు. నాకు ఏడుపాగలేదు.

మరుసటి ఏడు వైశాలీతాయి మళ్లీ దుకాణానికొచ్చింది. "తెలుగు గంట ఖాయం. ఆ పాత కార్డే వేయించు. ఏం రాశావోగాని, ఏ కార్డుకూ అంత జనం రాలేదు!"

కాబట్టి పాఠకులందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పెద్దబాపును అడగకుండా ఇకమీద ఏ మాటకూ సున్నా పెట్టను. వచ్చే పండుగకు మీరంతా పిల్లాపాపలతో రావాలని నా... ఆగండి, ఇక్కడ ఏ మాట రాయాలో పెద్దబాపుకు ఫోన్ చేసి కనుక్కుంటాను.