గద్వాల సర్వర్‌లో జాగా తిన్నదెవరు

గద్వాలలోని మా పత్తి విత్తనాల ఆఫీసు సర్వర్ ఈ పొద్దున డిస్కు నిండిందని మొరాయించింది. ఫైళ్లన్నీ కూడి చూస్తే డిస్కులో సగం కూడా లేవు. సాఫ్ట్‌వేర్ పెట్టిన ఇంజినీరుకు ఫోన్ చేశాను.

"ప్రోగ్రాం తన సంగతులు రాసుకునే పెద్ద లాగ్ ఫైలు ఉండె సార్, నిన్ననే డిలీట్ చేసిన. ఇగ రైతుల చేన్ల పాత ఫోటోలు తీసెయ్యుండ్రి, జాగ ఐతది."

"డిలీట్ చేసినంక ప్రోగ్రాం ఆపి మల్ల నడిపినవా?"

"అదెందుకు సార్?"

రేపు విత్తనం ఫెయిలైందంటే రైతుకు మిగిలే ఆధారం ఆ చేను ఫోటోలే. వాటిని తీసెయ్యమనడానికి ఆయనకు క్షణం పట్టలేదు. మా సర్వర్ నడిచే లినక్స్‌లో, నడుస్తున్న ప్రోగ్రాం తెరిచి పట్టుకున్న ఫైలును డిలీట్ చేస్తే పేరు పోతుంది గానీ, ప్రోగ్రాం ఆపేదాకా జాగా రాదు. అది తెలియకుండానే ఆయన ఇంజినీరు. ప్రోగ్రాం ఇంకా వదలని ఆ ఫైలును తీరా తెరిచి చూస్తే నిండా ఒకటే వాక్యం, ప్రింటరు దొరకలేదని. ఆ ప్రింటరును మేం నెల కిందటే వనపర్తి ఆఫీసుకు పంపాం. ప్రోగ్రాం ఇంకా ఇక్కడే వెతుకుతోంది.

ప్రింటరు సెట్టింగు తీసేసి ప్రోగ్రాం ఆపి నడిపాను. సగం డిస్కు ఖాళీ అయింది. ఆ సంగతి చెబితే ఆయన అన్నాడు: "చూసిన్రా సార్, నిన్న నేను డిలీట్ చేసినందుకే జాగ వచ్చింది."

సాయంత్రం ఫోటోలన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేశాను. వైరస్‌కు భయపడి కాదు, ఆయనకు భయపడి. మీ ఆఫీసులో ఎవరికి భయపడి కాపీలు పెడుతున్నారు?