ఎలుకల పిన్ని, ఎర్రమందు

ఎలుకల పిన్నికి ఒక జబ్బుంది. ఎవరికి సూది గుచ్చినా ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంది. ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా ఎలుకల బోనులు కడిగేదీ, మేత వేసేదీ ఆవిడే.

గాయాలకు పూసే ఎర్రమందులోని పాదరసంతో క్లోమం వాస్తుందేమోనని డాక్టరుగారికి అనుమానం వచ్చింది. సగం ఎలుకలకు ఆ మందు, మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్లు రోజూ సూదితో ఎక్కించారు. నెల తిరిగేసరికి అన్నిటికీ క్లోమం వాచింది.

"ఉప్పునీళ్లకీ వాపా! ఇది ప్రపంచానికే కొత్త, పిన్నీ!" అంటూ ఆయన బల్ల చుట్టూ గంతులేశారు. పిన్ని కూడా ఉబ్బితబ్బిబ్బై చప్పట్లు కొట్టింది. ఆవిడ వేళ్లు చూసి ఆయన గంతు ఆగింది.

"ఆ ఎరుపేంటి?"

"సూదిపోటు కదా బాబూ, పాపం అన్నిటికీ ఎర్రమందు రాస్తున్నాను. అదంటే వాటికెంత ఇష్టమో! రాసిందల్లా నాకేస్తాయి."