లోపలివైపు కుట్లు

వీధిలో అందరికీ ఆమె రఫూ అక్క. సిగరెట్టు కాల్చిన కోటయినా, మేకుకు తగులుకున్న ప్యాంటయినా ఆమె చేతిలో పడితే చాలు. ఆ బట్ట అంచునుంచే నాలుగు పోగులు లాగి చిల్లుమీద అల్లేస్తుంది. చిరిగిందెక్కడో సొంతదారు కూడా వెతుక్కోవాల్సిందే. అంత పనితనం ఉన్న మనిషికి ఇంటి సంగతి చెప్పడానికి మాత్రం పదకొండేళ్లు నోరు పెగల్లేదు. ఒక మంగళవారం మధ్యాహ్నం పెగిలింది. ఐదేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి నడిచి, మొగుడు కొడుతున్నాడని చెప్పేసింది.

చెప్పేస్తే అంతటితో అయిపోతుందనుకుంది, పిచ్చితల్లి. చెప్పిందే మళ్లీ చెప్పించారు, రాసుకున్నారు, చదివి వినిపించి సంతకం చేయించుకున్నారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ భుజంమీద కమిలినచోట స్కేలు ఆనించి ఫొటో తీసింది. స్టేషన్లో పోలీసమ్మ ఫిర్యాదు నకలు చేతికిచ్చి, దానిమీద తన ఫోన్ నంబరు రాసింది. అతన్ని ఆ ఇంటి ఛాయలకు రావద్దన్నారు.

ఆ తర్వాతి రోజులు నీళ్లలో నడిచినట్టు గడిచాయి. కిటికీలోంచి పడ్డ ఎండ గచ్చుమీద మెల్లగా జరుగుతుంటే చూస్తూ కూర్చునేది. పొయ్యిమీద కుక్కర్ కూత ఎక్కడో పక్క ఊళ్లో వేసినట్టు వినబడేది. చేతులు వాటంతటవే ఏదో కుడుతుండేవి, ఏం కుట్టిందో సాయంత్రానికి గుర్తుండేది కాదు. మెట్లమీద అడుగుల చప్పుడైతే మాత్రం ఉలిక్కిపడేది.

నాలుగో రోజు పోలీసమ్మ ఫోన్ చేసింది.

"ఆ రోజు వేసుకున్న స్వెటర్ భుజందగ్గర చిరిగిందన్నారు కదమ్మా. అలాగే, ఉతక్కుండా రేపు తీసుకురండి."

ఆమె గోడవైపు తిరిగి చూసింది. నీలం స్వెటర్ కొక్కేనికి బుద్ధిగా వేలాడుతోంది, ఇవాళే కొన్నట్టు. ఆ పరధ్యానంలోనే ఎప్పుడో బాగుచేసేసింది! చేతిలో ఉన్న సాక్ష్యాన్ని ఎవరైనా భద్రంగా దాచుకుంటారు. ఈవిడ గీతయినా కనబడకుండా రఫూ చేసి పెట్టింది.

సాయంత్రం ఆడబిడ్డ వచ్చి కూర్చుంది. "అన్నయ్య తిండి మానేశాడు వదినా. అయినా చూపించడానికి నీ దగ్గర ఏముంది చెప్పు? ఆ కాగితమేదో వెనక్కి తీసేసుకుంటే నలుగురిలో పరువైనా దక్కుతుంది."

ఆ ఒక్క ఫొటో తప్ప ఏముంది, నిజమే కదా అనిపించింది. అలసట కూడా ముంచుకొచ్చింది. "సరేలే, రేపు చెప్పేస్తా," అంది.

మర్నాడు స్టేషన్లో స్వెటర్ బల్లమీద పెట్టి, తల దించుకుని, "నేనే కుట్టేశానండీ, అలవాటు. ఇంక ఈ ఫిర్యాదు..." అని నసిగింది.

పోలీసమ్మ కోప్పడలేదు. స్వెటర్ తిరగేసింది. పైకి ఎంత నాజూకైన రఫూకైనా లోపలివైపు ముడులుంటాయి, పోగుల కొసలుంటాయి. "మీరే కుట్టారని కూడా రాసుకుంటాను," అంది. "ఇలా బాగుచేసినవి ఇంట్లో ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. అర సంచీడు. ఇంటికెళ్లి తెచ్చి ఒక్కొక్కటే తిరగేస్తూ చెప్పసాగింది. ఇది కొత్తింట్లో చేరిన వారం. ఇది మా అమ్మ పోయిన నెల. గొంతు తనదేనా అనిపించింది, పక్కగదిలో ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టుంది. పోలీసమ్మ కలం ఆగకుండా కదులుతోంది.

సంచీ అడుగున చిన్న పసుపు గౌను మిగిలింది. పోలీసమ్మ దాన్ని తిరగేసింది. మెడ పట్టీ చుట్టూ ముడులు.

"ఇదీ?"

"పాపదండీ. జారుబండమీద..." అని ఆగిపోయింది. అందరికీ అదే చెప్పింది. చెప్పీ చెప్పీ తనూ నమ్మేసింది.

"పాప జోలికి ఎప్పుడూ రాలేదని మొన్న రాయించారు," అంది పోలీసమ్మ మెల్లగా.

బల్ల పక్కన కూతురు పాత కాగితాలమీద బొమ్మలు వేసుకుంటోంది. తల్లి ఆ చిన్న మెడనే చూసింది. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

"అది కొట్టేసి మళ్లీ రాయండి మేడమ్. మెడ పట్టుకుని పైకి లేపాడు. అప్పుడు దానికి మూడేళ్లు."